బట్టీ దగ్గరి నీళ్ళు

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి గుక్కకే ముఖం చిట్లించేవారు. కొందరు మర్యాదకు మింగేవారు. కొందరు గ్లాసు కింద పెట్టి మాటల్లో పడినట్టు నటించేవారు. నేను కోడలిగా వచ్చిన రోజున పెరట్లోకి వెళ్ళి ఉమ్మేశాను. మా అత్తగారు అది చూసి నవ్వారు. "అలవాటవుతుందిలే" అన్నారు. అలవాటయింది. కొన్ని నెలల తర్వాత పుట్టింటికి వెళ్తే అక్కడి మంచినీళ్ళు గిన్నెలు కడిగిన నీళ్ళలా అనిపించాయి.

మాది రొట్టెల దుకాణం. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో బట్టీ, పై అంతస్తులో కాపురం. ఇటుకల బట్టీ అది. ఒకప్పుడు కట్టెలతో మండేది, తర్వాత గ్యాసు పెట్టించారు. కట్టెలైనా గ్యాసైనా ఆ గదిలో సెగ మారలేదు. పిండి కలిపే తొట్టి ఒక మూల, పిండి పొంగడానికి అచ్చులు పేర్చే చెక్క అరలు ఒక పక్క, మధ్యలో మనిషి పొడుగు తెడ్డు పట్టుకుని తిరగడానికి సరిపోయేంత చోటు. తెల్లవారకముందే పనిలోకి దిగిన మగవాళ్ళు పొద్దెక్కేసరికి తడిసి ముద్దయ్యేవారు. వాళ్ళ బనియన్లు ఆరితే వాటి మీద తెల్లటి చారలు మిగిలేవి. ఆ చారల్ని వేలితో గీకి చూపించేవారు అత్తగారు.

"చూశావా, మనిషిలో ఉప్పంతా ఇలా కారిపోతుంది. పోయినదాన్ని మళ్ళీ పొయ్యకపోతే మనిషి నిలబడతాడా?"

అందుకే ఉప్పునీళ్ళు. పొద్దున అందరికంటే ముందు ఆవిడే లేచేవారు. పెద్ద స్టీలు కూజా నింపి, ఉప్పు వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో కలిపి, బట్టీ గది గుమ్మం పక్కన బల్ల మీద పెట్టేవారు. పై అంతస్తుకూ అవే నీళ్ళు. మా ఇంట్లో తాగే నీళ్ళంటే అవే. వేరే నీళ్ళు స్నానానికీ గిన్నెలకూ.

మా మామగారు ఆ గదిలోనే పడిపోయారట, నేను ఈ ఇంటికి రాకముందు. తొట్టిలో చేతులు పెట్టినవారు పెట్టినట్టే ఒరిగిపోయారట. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, నా కళ్ళ ముందే పోయారు. ఆయన మంచం మీద రెండు రోజులున్నారు. మెదడులో నరం చిట్లిందనీ రక్తపోటు వల్లేననీ ఆసుపత్రిలో చెప్పారు. ఆ మాట అత్తగారికి కొత్తగా ఏమీ అనిపించలేదు. సెగకు రక్తం మరుగుతుంది, మరిగితే పోటెత్తుతుంది, అంతే కదా అన్నారు. మాకూ అంతే కదా అనిపించింది. డాక్టర్లు చెప్పిందీ మేం అనుకున్నదీ ఒకటేనని అందరం నమ్మాం. "బట్టీ తాగేసింది" అనేవాళ్ళం మా ఇంట్లో. ఎవరైనా అడిగితే ఆ ఒక్క మాటతో సరిపెట్టేవాళ్ళం.

ఒక మనిషి పోయినప్పుడల్లా ఆవిడ కూజాలో ఉప్పు పెంచారు. మిగిలినవాళ్ళకు తక్కువ పడకూడదని.

ఆ తర్వాత మా ఆయన. ఆ పొద్దున నేను పక్కనే ఉన్నాను. పిండి బస్తా మీద కూర్చుని ఏదో అన్నారు. మాట నోటికి ఒక పక్క నుంచే వచ్చింది. నన్ను ఆటపట్టించడం ఆయనకు అలవాటు. "చాల్లెండి వేషాలు" అన్నాను. ఆయన నవ్వబోయారు. నవ్వు కూడా ఒక పక్కే వచ్చింది. అప్పుడు ఆయనతో బట్టీ పని చేసే మేస్త్రీ పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు.

నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళు నన్ను పట్టుకుని ఏడుస్తుంటే వాళ్ళ వీపు నిమిరాను. మర్నాడు ట్రేలు కడిగాను. మనసు రాయి చేసుకుందని కొందరు, గుండె నిబ్బరమని కొందరు అన్నారు. అదేమీ కాదు. చాలాసేపు ఒకే భంగిమలో కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి నాది కాదనిపిస్తుంది చూడండి, నాకు ఒళ్ళంతా అలాగే ఉంది. కొన్నాళ్ళకు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. దానితోనే పని చేసుకోవడం అలవాటయింది.

మాకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు ట్రేల వెనకే తిరుగుతూ రాలిన ముక్కలన్నీ ఏరుకు తినేది, అందుకని వాళ్ళ నాన్న పిచ్చుక అని పిలిచేవారు. ఇప్పుడు ముప్పై దాటింది. పెళ్ళి ఊసెత్తితే కొట్టు తెరిచే వేళయిందంటుంది. అది తండ్రి దగ్గర కూర్చుని పిండి పని మొత్తం నేర్చుకుంది. పిండిని వేలితో నొక్కి, అది ఎంత నెమ్మదిగా పైకి లేస్తుందో చూసి, ఇంకా ఎంతసేపు ఆగాలో చెప్పేస్తుంది. కానీ వాళ్ళ నాన్న పోయాక అత్తగారూ నేనూ కలిసి ఒక కట్టుబాటు పెట్టాం. పిచ్చుక బట్టీ గది గడప దాటకూడదు. రొట్టెలు గోడలోని కిటికీ గుండా కొట్టులోకి వస్తాయి, అది అందుకుని అరల్లో పెట్టుకుంటుంది. మేమిద్దరం ఏ విషయంలోనైనా ఒక్క మాట మీద నిలబడ్డామంటే దీని మీదే.

బట్టీ పని మేస్త్రీ చూసేవాడు. మా ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఈమధ్య మోకాళ్ళు పట్టేసి, తెడ్డు పట్టుకుని వంగలేకపోతున్నాడు. ఒకరోజు కొట్టులోకి వచ్చి స్టూలు మీద కూర్చుని చెప్పాడు.

"వదినమ్మా, ఇంక నావల్ల కాదు. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతాను. వేరే మనిషిని చూసుకోండి."

"మనిషెందుకు? నేను లేనా?" అంది పిచ్చుక.

అత్తగారు మెట్ల మీది నుంచి విన్నారు. కిందికి రాలేదు, అక్కడి నుంచే అన్నారు. "నేను పోయాక నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో."

"నువ్వు ఇప్పట్లో పోవు నాన్నమ్మా. నీకంటే ముందు నా మోకాళ్ళు పోతాయి."

మేస్త్రీ నవ్వాడు. నేను నవ్వలేదు. రెండు రోజులు ఇంట్లో అదే రభస. చివరికి నేనొక మాట అన్నాను. ముందు డాక్టరుకు చూపిద్దాం, ఈ ఒళ్ళు సెగకు తట్టుకుంటుందో లేదో డాక్టరు చెప్పాలి, తర్వాత మాట్లాడుకుందాం. తట్టుకోదని చెప్తారని నాకు ధీమా. దాని నోరు మూయించడానికి వేరే దారి కనిపించలేదు.

ఆ క్లినిక్ ఒక సందులో ఉంది, కింద చెప్పుల కొట్టు, పైన రెండు గదులు. నర్సు పిచ్చుక చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. గాలి వదిలి, మళ్ళీ కొట్టింది. కాసేపు ఊరికే కూర్చోబెట్టి రెండో చేతికి చుట్టింది. ఏమీ మాట్లాడకుండా చీటీ మీద రాసుకుని లోపలికి వెళ్ళింది.

డాక్టరమ్మ పిచ్చుక కంటే చిన్నదిలా ఉంది. "నూట డెబ్బై ఎనిమిది, నూట ఎనిమిది" అంది. "తలనొప్పి, కళ్ళు తిరగడం, ఆయాసం, ఏమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవండీ. ఆకలి బాగా వేస్తుంది, కోపం బాగా వస్తుంది."

"మీ ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నవాళ్ళెవరూ లేరండీ. అందరూ పోయారు."

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను ముగ్గురి సంగతీ చెప్పాను. అందరూ సెగకు పోయారనీ, ఇది ఏళ్ళుగా సెగ దగ్గరికే వెళ్ళలేదనీ, యంత్రం సరిగ్గా ఉందో లేదో ఇంకోసారి చూడమనీ అన్నాను.

"యంత్రం బాగానే ఉందమ్మా. సెగ వల్ల కాదు" అంది. "రోజూ ఏం తింటారు?"

నేను ఆలోచించాను. మేం రొట్టె తింటాం. అమ్ముడుపోని రొట్టె, అంచు మాడిన రొట్టె, అచ్చులోంచి తీసేటప్పుడు విరిగిన రొట్టె. దాని మీద ఉప్పు వెన్న. కూర వండటానికి తీరిక దొరికేది తక్కువ. అది చెబుతుండగానే పిచ్చుక సంచిలోంచి సీసా తీసి నీళ్ళు తాగింది.

"ఏంటది, నిమ్మరసమా?"

"నీళ్ళండీ."

డాక్టరమ్మ చెయ్యి చాపింది. మూతలో కొంచెం పోయించుకుని నాలుక మీద వేసుకుంది. మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు పెట్టే ముఖమే పెట్టింది. ఇవి రోజూ ఎన్ని తాగుతుందని అడిగింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇవే అన్నాం. ఆమె వెనక్కి ఆనుకుని కూర్చుంది.

"చెమటలో ఉప్పు పోతుంది, నిజమే. కానీ మీరు తినే రొట్టెలోనే పోయినదానికి సరిపోయేంత ఉంది. పిండిలో ఎంత వేస్తారో మీకే తెలుసు కదా. ఉప్పులో సోడియం ఉంటుంది. అది ఎక్కువైతే ఒంట్లో నీరు పట్టేసి రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. పొటాషియం అని ఇంకోటి ఉంది, అది ఆ సోడియాన్ని మూత్రంలో బయటికి పంపిస్తుంది. అది అరటిపండ్లలో, ఆకుకూరల్లో, చిక్కుళ్ళలో, బంగాళాదుంపల్లో ఉంటుంది. మీ ఇంట్లో మొదటిది దండిగా ఉంది, రెండోది దాదాపు లేదు."

"మా అత్తగారూ అవే నీళ్ళు తాగుతారండీ. ఎనభై దాటాయి, రాయిలా ఉన్నారు. నేనూ తాగాను."

నా చేతికీ పట్టీ చుట్టించింది. నాది మామూలుగానే ఉంది.

"మీరూ మీ అత్తగారూ వేరే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. మీ అమ్మాయికి వచ్చింది మీ మామగారి రక్తం. ఆ వైపు ఇది వంశంలో ఉన్నట్టుంది. అలాంటివాళ్ళలో కొందరికి ఉప్పు మామూలు మనుషుల కంటే ఎక్కువ చేటు చేస్తుంది. పోయినవాళ్ళ గురించి నేను గట్టిగా చెప్పలేను, వాళ్ళనెవరూ ముందుగా కొలవలేదు. ఈమె సంగతి చెప్పగలను. ఇలాగే వదిలేస్తే ఈమెకూ అదే జరుగుతుంది."

ఎలా జరుగుతుందో నాకు తెలుసు కాబట్టి అడగలేదు.

టాబ్లెట్లు రాసింది. బాగుందని మధ్యలో ఆపకూడదని చెప్పింది. తక్కువ సోడియం ఉప్పని కొట్లో అమ్ముతారు కదా, అది వాడొచ్చా అని పిచ్చుక అడిగింది. దాన్లో పొటాషియం కలుపుతారు, మూత్రపిండాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో రక్తపరీక్షలో చూశాక చెప్తాను, అందాకా కొనొద్దు అంది.

వీధిలోకి వచ్చాం. చెప్పుల కొట్టువాడు ఒక బూటులోకి కాగితాలు కూరుతున్నాడు. నేను టాబ్లెట్ల పెట్టె మీది పేరు కూడబలుక్కుని చదివాను. పిచ్చుకే నాకు ఈ వయసులో అక్షరాలు నేర్పింది, పిండి బస్తాలు ముందు పెట్టుకుని. చదివి పెట్టెను సంచిలో వేసుకున్నాను. నాకేదో అనిపించాలి. కూతురికి ఇలా ఉందని తెలిస్తే తల్లికి కాళ్ళు వణుకుతాయంటారు. నా కాళ్ళు బాగానే ఉన్నాయి. బూటు ముందు భాగం ఉబ్బెత్తుగా లేచేదాకా వాడు కాగితాలు కూరాడు. అది చూస్తూ నిలబడ్డాను.

"అయితే బట్టీ తప్పేం లేదు" అంది పిచ్చుక. దాని గొంతులో సంతోషం లాంటిది ఉంది. "ఇన్నాళ్ళు నన్ను ఊరికే కిటికీ అవతల కూర్చోబెట్టారు."

"ముందు ఇది తగ్గాలి."

"తగ్గుతుందిలే. నాన్నమ్మకి మాత్రం చెప్పొద్దు."

"చెప్పకపోతే ఆ నీళ్ళు ఆగవు."

"తాగినట్టు నటిస్తాను. ఏంటమ్మా, ఆ మాత్రం నటించలేనా?"

బీపీ కొంచెం ఎక్కువగా ఉందనీ, టాబ్లెట్ ఇచ్చారనీ మాత్రం అత్తగారికి చెప్పాం. నీళ్ళ ఊసెత్తలేదు. ఆవిడ విని తల ఊపారు. మేస్త్రీని ఇంకో రెండు నెలలు ఉండమని బతిమాలాను.

నెల తర్వాత మళ్ళీ వెళ్ళాం. నర్సు రెండుసార్లు కొలిచింది. అంకెలు దిగలేదు, పై అంకె ఇంకా కాస్త పెరిగింది. టాబ్లెట్ వేసుకుంటున్నారా అని డాక్టరమ్మ అడిగింది. వేసుకుంటున్నానంది పిచ్చుక. నీళ్ళు మానేశారా అంటే మానేశానంది. డాక్టరమ్మ దాని ముఖంలోకి చూసి, నా ముఖంలోకి చూసింది. మూత్రపిండాలు, గుండె, కళ్ళు, ఇది ముందుగా దేన్ని పాడుచేస్తుందో చెప్పలేమనీ, ఇంకోసారి ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్పించాల్సి వస్తుందనీ అంది.

మెట్లు దిగుతూ అడిగాను. "నిజం చెప్పు."

పిచ్చుక మెట్టు మీద కూర్చుంది. పైకి వెళ్ళేవాళ్ళు దాన్ని తప్పుకుని వెళ్ళారు.

"గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడుతుందమ్మా. తాగేదాకా కదలదు. సీసాలో పోసుకుంటానంటే తనే పోసిస్తుంది. నేను బట్టీ దగ్గరికి వెళ్తానన్నానుగా, అప్పటి నుంచి ఇంకో చెంచా ఎక్కువ వేస్తోంది. నాలుగోది నేనేమోనని భయం. ఆ ముఖం చూస్తూ వద్దని ఎలా అంటాను?"

"టాబ్లెట్?"

"అప్పుడప్పుడు. ఒంట్లో బాగానే ఉందిగా, ఏం నొప్పి ఉందని రోజూ మింగాలి?"

"నొప్పి ఉండదని చెప్పింది కదా ఆవిడ."

"సరే, నీళ్ళ సంగతి నాన్నమ్మకి ఎవరు చెప్తారు? నువ్వు పోసిన నీళ్ళే నీ కొడుకుల్ని చంపాయని ఎవరంటారు? నువ్వంటావా?"

"నేనే అంటాను."

పిచ్చుక నావైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఎలా అనగలవమ్మా?"

"నాకు ఏదీ తగలడం లేదు కాబట్టి. నీకైతే తగులుతుంది."

ఇంటికి వెళ్ళేసరికి కొట్టులో రద్దీ లేదు. అత్తగారు పైన కిటికీ దగ్గర కూర్చుని రేపటి నిమ్మకాయలు తుడుస్తున్నారు. నేను ఎదురుగా కింద కూర్చున్నాను.

"అత్తయ్యా, రేపటి నుంచి నీళ్ళలో ఉప్పు వెయ్యకండి."

"ఏం, ఉప్పు రేటు పెరిగిందా?"

"పిచ్చుకకి పడటం లేదు. బీపీ దానివల్లే తగ్గట్లేదు."

ఆవిడ ఒక కాయ తుడిచి బుట్టలో వేశారు. "సెగ దగ్గరికి పోతానని కూర్చుంటే తగ్గుతుందా?"

"సెగ వల్ల కాదంట అత్తయ్యా. ముగ్గురికీ సెగ వల్ల కాదు. రక్తంలో ఉందంట, మామయ్యగారి వైపు నుంచి. అలాంటి రక్తం ఉన్నవాళ్ళకి ఉప్పు ఎక్కువైతే ఇలా అవుతుందంట."

"నేను తాగలేదా ఆ నీళ్ళు? నువ్వు తాగలేదా?"

"మనది ఆ రక్తం కాదు."

చేతిలో గుడ్డ ఆగింది. కింద ఎవరో రొట్టె అడుగుతున్నారు, పిచ్చుక చిల్లర లేదంటోంది. ఆవిడ ఆ మాటలే వింటున్నట్టు తల పక్కకు వంచి కూర్చున్నారు. నేను చెప్పినదంతా వరసగా పేర్చుకుంటున్నారని నాకు తెలుస్తోంది. ఆపాలనిపించలేదు, సాయం చెయ్యాలనీ అనిపించలేదు.

"మీ మామయ్య పోయాక ఉప్పు పెంచాను" అన్నారు.

"ఊఁ."

"పెద్దాడు పోయాక ఇంకొంచెం."

"ఊఁ."

"నీ మొగుడు పోయాక."

"అవునత్తయ్యా."

"మొన్న మళ్ళీ పెంచాను."

"అందుకే చెప్తున్నాను."

ఆవిడ నా కళ్ళలోకి చూశారు. "నీళ్ళ వల్లే పోయారని డాక్టరు అందా?"

కాదని చెప్పే వీలు అక్కడ ఉంది. చాలామంది చెప్పేవారు. నేను విన్నది విన్నట్టు చెప్పాను.

"ఒక్క నీళ్ళ వల్లే అనలేదు. రక్తంలో ఉంది, రొట్టెలో ఉంది, ఆకూ కాయా తినకపోవడంలో ఉంది, ఎవరూ కొలిపించుకోకపోవడంలో ఉంది అంది. పోయినవాళ్ళ గురించి గట్టిగా చెప్పలేనంది. నీళ్ళ వల్ల కాదని మాత్రం అనలేదు."

ఆవిడ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని అడిగారు. "పిచ్చుకకి తెలుసా ఇది?"

"తెలుసు."

"తెలిసే తాగుతోందా?"

"మీరు బాధపడతారని."

"పిచ్చిపిల్ల" అన్నారు. గుడ్డ మడతపెట్టి బుట్ట మీద కప్పారు. "నువ్వు వెళ్ళు. కింద పిలుస్తున్నారు."

ఎవరూ పిలవడం లేదు. నేను లేచి వెళ్ళాను.

మర్నాడు ఆవిడ మంచం దిగలేదు. కూజా నేనే నింపాను, కుళాయి నీళ్ళతో. చెయ్యి దానంతట అదే ఉప్పు డబ్బా వైపు వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాను. పొద్దెక్కాక మేస్త్రీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏంటి వదినమ్మా ఈ నీళ్ళు? ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"ఇకనుంచి ఇవే."

"ఇన్నేళ్ళు ఈ ఇంటి ఉప్పు తిన్నాను. పోయేముందు చప్పిడి చేసి పంపిస్తున్నారన్నమాట."

"నీక్కూడా కొలిపిస్తాను, ఉండు" అంది పిచ్చుక. "మోకాళ్ళతో పాటు ఏవేం పోయాయో తెలుస్తుంది."

పిండిలో ఉప్పు ఒక్కసారిగా తగ్గించలేదు. అలా చేస్తే పిండి జారిపోతుంది, రొట్టె నోట్లో గడ్డిలా ఉంటుంది. వారం వారం కొంచెం తగ్గిస్తూ వచ్చాం. అయినా కనిపెట్టేవాళ్ళు కనిపెట్టారు. రోజూ వచ్చే ముసలాయన ఒకరు రొట్టె ముక్క నములుతూ కొట్టు ముందు నిలబడి, "ఏమ్మా, రొట్టెకి ఏమైంది?" అన్నారు. "దానికి బీపీ వచ్చిందండీ" అంది పిచ్చుక. ఆయన నవ్వకుండా తనకూ ఉందని చెప్పి ఇంకో రొట్టె తీసుకున్నారు. మధ్యాహ్నాలు నేను చిక్కుళ్ళూ ఆకుకూరా వండడం మొదలుపెట్టాను. రుచి తెలియలేదు. ఎవరికీ తెలియలేదు. పళ్ళెం ఖాళీ చేసి లేచేవాళ్ళం.

అత్తగారు కిందికి రావడం మానేశారు. పెట్టింది తినేవారు. అడిగినదానికి తల ఊపేవారు. కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టల్ని చూసేవారు, అవి తీసేశాక ఖాళీ తీగల్ని చూసేవారు. వెళ్ళి పక్కన కూర్చోవచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు, మీరు కావాలని చేశారా అనొచ్చు. ఒకసారి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆవిడ నన్ను చూశారు, నేను ఆవిణ్ణి చూశాను. ఇద్దరం ఒకేలా ఉన్నామనిపించింది. కంచం తీసుకుని వచ్చేశాను.

పిచ్చుక ఉప్పునీళ్ళు మానేసింది. ఆ మేరకు అంకె దిగింది, కానీ దిగాల్సినంత దిగలేదు. టాబ్లెట్ సంగతి అడిగితే వేసుకున్నానంటుంది. పెట్టె చూస్తే ఉండాల్సిన వాటికంటే ఎక్కువే ఉన్నాయి. అడిగితే నవ్వుతుంది, పని ఉందంటుంది. దాన్ని మేస్త్రీ పక్కన బట్టీ గదిలోకి వెళ్ళనిస్తున్నాను, పొద్దున కాసేపు, తెడ్డు పట్టడం నేర్చుకోవడానికి. వద్దనడానికి నా దగ్గర కారణం మిగల్లేదు. కానీ అది ట్రే లాగడానికి వంగినప్పుడల్లా నేను దాని నోటి వైపు చూస్తాను, మాట రెండు పక్కల నుంచీ వస్తోందా లేదా అని. దాన్ని ఏదో ఒకటి అడుగుతూ ఉంటాను, మాట్లాడించడానికి.

ఒక పొద్దున మెట్ల మీద చప్పుడైంది. అత్తగారు గోడ పట్టుకుని దిగి వచ్చారు. జుట్టు దువ్వుకుని ఉన్నారు. కొట్టులో ఒకాయన రొట్టె కోయించుకోవడానికి నిలబడి ఉన్నారు. ఆవిడ ఆయన్ని పట్టించుకోకుండా నా పక్కకు వచ్చారు.

"టాబ్లెట్ వేసుకుందా?"

చాలా రోజుల తర్వాత విన్నాను ఆ గొంతు. బొంగురుపోయింది.

"వేసుకున్నానంది."

"నువ్వు చూశావా?"

"లేదు."

"అన్నది విని ఊరుకున్నావా?"

ఆవిడ చెయ్యి చాపారు. సొరుగులోంచి పెట్టె తీసి ఇచ్చాను. ఒక టాబ్లెట్ తీయబోయారు, రేకు చిరగలేదు. పంటితో కొరికి తీశారు. నేను నింపిన కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు పోసుకుని, ఒక చేతిలో గ్లాసు, ఒక చేతిలో టాబ్లెట్‌తో బట్టీ గదిలోకి వెళ్ళారు. మా ఆయన పోయాక ఆవిడ ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి.

"నోరు తెరువు."

"నాన్నమ్మా, చేతుల నిండా పిండి."

"చేతులతో పనేముంది? నోరు తెరువు."

గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"మింగావా?"

"మింగాను."

"నాలుక ఎత్తు."

"నాన్నమ్మా."

"ఎత్తు. అటు పక్క కూడా. రేపు ఇదే వేళకి వస్తాను. ఎల్లుండి కూడా వస్తాను. ఎక్కడున్నా వస్తాను."

మేస్త్రీ తెడ్డు ఇటుకల మీద రాసుకున్న చప్పుడు వచ్చింది.

నా ముందు నిలబడ్డాయన ముక్కలు ఇంకొంచెం పలచగా కోయమన్నారు. కత్తి తుడిచి, రొట్టెను తిప్పిపెట్టి, పలచగా కోయడం మొదలుపెట్టాను.